ఎర్ర గడిలో హంపమ్మ

2023 మార్చి నెల. బళ్ళారిలో పొద్దున పది దాటితే చాలు, రోడ్డు మీద కాలు పెట్టబుద్ధి కాదు. అప్పటికి నేను ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రంలో కామర్స్ చెప్పబట్టి చాలా ఏళ్ళయింది. రోజూ కాలేజీకి రాలేనివాళ్ళు ఇంటి దగ్గర నుంచే డిగ్రీ చేసుకునే చదువు మాది. లారీ డ్రైవర్లు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే కాంట్రాక్టు పనివాళ్ళు, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్ళీ పుస్తకం పట్టిన ఆడవాళ్ళు మా విద్యార్థులు. ఒకప్పుడు ఆదివారాలు తరగతులు పెట్టేవాళ్ళం. తర్వాత పాఠాలన్నీ వీడియోలై పోర్టల్ ఎక్కాయి. పోర్టల్ అంటే పాఠాలు, పరీక్షలు, హాజరు అన్నీ ఒకేచోట ఉండే మా ఆన్‌లైన్ కాలేజీ అనుకోండి.

నా పేపరు కాస్ట్ అకౌంటింగ్. వస్తువు తయారవడానికి ఎంత ఖర్చయింది, ఎంతకు అమ్మితే నష్టం రాదు అని లెక్క కట్టే శాస్త్రం. నా పాఠాలను మాత్రం ఓపెన్ లైసెన్స్ కింద పెట్టించాను. అంటే ఎవరైనా దించుకోవచ్చు, పక్కవాళ్ళకు పంచొచ్చు, నా అనుమతి అక్కర్లేదు. వీడియో కింద డౌన్‌లోడ్ బటన్ పెట్టించడానికి పెద్దాఫీసుతో గొంతు పోయేలా పోట్లాడాను. మిగతా సార్లెవరూ ఒప్పుకోలేదు, తమ పాఠం పరాయివాళ్ళ చేతిలో పడుతుందని వాళ్ళ భయం. పడితే పడనీ, చదువేమన్నా తాళం వేసుకునే బీరువానా! పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, నేను కన్నడలో చెప్పి, ఎక్కడ బుర్రకెక్కదో అక్కడ మన తెలుగులోకి దిగేదాన్ని.

ఆ రోజు హాల్ టికెట్ల అర్హతకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదు కాగానే పోర్టల్ మూసేస్తుంది. పాఠాల్లో ముప్పాతిక భాగం చూసినవాళ్ళ పేరు పక్కన గడి పచ్చగా ఉంటుంది, చూడనివాళ్ళది ఎర్రగా ఉంటుంది. పచ్చ ఉంటేనే పరీక్ష. ఆ గడులన్నీ ఒకచోట కనిపించే తెరను డ్యాష్‌బోర్డ్ అంటారు. పొద్దున్నే దాన్ని తెరిచేసరికి నా పేపర్లో ఒక పేరు దగ్గర కళ్ళు ఆగిపోయాయి. కురుగోడు హంపమ్మ. వాచ్ టైమ్, అంటే పాఠాలు చూసిన సమయం, సున్నా. క్విజ్‌లలో మాత్రం దాదాపు అన్నిటికీ మంచి మార్కులు. పైగా ఇదే పేపరు ఆమె అంతకుముందు, ఈ గడుల రూలు రాకముందు, రెండుసార్లు తప్పింది.

పెద్దాఫీసు నుంచి అప్పటికే ఉత్తరం వచ్చి ఉంది. పాఠం చూడకుండా మార్కులు ఎట్లా వచ్చాయి, క్విజ్‌లు వేరేవాళ్ళెవరో రాశారని అనుమానం, మధ్యాహ్నం వీడియో మీటింగులో విచారణ అని. హంపమ్మ చేరిన చదువుకు గడువు ఆ ఏటితో ముగుస్తుంది. ఈ పరీక్ష రాయనివ్వకపోతే అంతకుముందు పాసైన పేపర్లన్నీ గంగలో కలిసినట్టే. మిగిలింది ఈ ఒక్క పేపరే.

ఫోన్ చేశాను. నా నోరు మంచిది కాదని మా కేంద్రంలో అందరికీ తెలుసు. ఆమె "హలో మేడం" అనగానే మొదలుపెట్టాను.

"ఏమ్మా హంపమ్మా, ఒక్క పాఠమన్నా చూసినావా నువ్వు?"

"అన్నీ చూసినా మేడం."

"సున్నా చూపిస్తోంది ఇక్కడ! ఎవరి చేత రాయించావ్ క్విజ్‌లు?"

వెనక ఎవరో ఆడవాళ్ళు దగ్గుతున్నారు. హంపమ్మ నెమ్మదిగా అంది. "నేనే రాసినా మేడం. దేవుని మీద ఆన. యాడికి రమ్మంటారో చెప్పండి, వస్తాండా."

బస్సెక్కి వచ్చేసింది. ముప్పై లోపు మనిషి. చీర కొంగు నిండా ఎర్రటి మిరప దుమ్ము. కుర్చీలో కూర్చోమంటే, "వద్దు మేడం, మీకు తుమ్ములొస్తాయి" అని గుమ్మం దగ్గరే నిలబడింది. కురుగోడు దగ్గర మిరపకాయల కళ్ళంలో కూలి పని, ఎండిన కాయలకు తొడిమలు తీయడం. డిగ్రీ చేతికొస్తే తోరణగల్లులో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్‌లో లెక్కలు రాసే పని ఇస్తామన్నారట. మూడేళ్ళుగా తన మొగుడు కూడా ఈ చదువు కోసం పిల్లను చూసుకుంటున్నాడని చెప్పింది.

"అన్నీ చూశానంటున్నావు కదా, చూపించు."

ఫోన్ తీసింది. గాజు పగిలి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. అందులో ఒక ఫోల్డర్ నిండా నా వీడియోలు. ఒక్కటీ పోలేదు, వరుసగా ఉన్నాయి.

"కళ్ళం కాడ మాట్లాడేదానికే సిగ్నల్ వస్తాది, నెట్ రాదు మేడం. సంతకు పొయ్యినప్పుడు బస్టాండ్ కాడ కూసోని క్విజ్‌లు రాసి, ఆ వారానికి కావాల్సినవన్నీ దించుకుంటా. మీరే చెప్తిరి కదా, దించుకోండి, ఎవుర్నీ అడగాల్సిన పని లేదు అని."

అప్పుడు అర్థమైంది నాకు. పోర్టల్లో పెట్టి చూస్తేనే పోర్టల్ లెక్కపెడుతుంది. దించుకుని ఫోన్లో చూస్తే దానికేం తెలుసు! నేను పోట్లాడి పెట్టించిన ఆ బటనే ఈ పిల్ల మెడకు చుట్టుకుంది. తాళాలేసుకున్న సార్ల పేపర్లలో ఇలాంటి ఎరుపు రాదు. నా పేపర్లోనే వస్తుంది.

మధ్యాహ్నం మీటింగ్ మొదలైంది. అవతల పెద్దాఫీసు అధికారి పాటీల్ గారు, రాయచూరు మనిషి, కన్నడంలో మాట్లాడతారు గానీ తెలుగు బాగా తెలుసు. రూలంటే రూలే అనే రకం. చెడ్డవాడు మాత్రం కాదు. మా ల్యాబ్ అసిస్టెంట్ ఖాసిం భాయ్ కెమెరా సర్ది పక్కన నిలబడ్డాడు. హంపమ్మ నా వెనక.

నేను సంగతంతా చెప్పాను. పాటీల్ గారు ఓపిగ్గా విన్నారు.

"ఫోన్‌లో వీడియోలు ఉన్నాయంటే సరే మేడం. ఉన్నాయి కదా అని చూసినట్టా? మా ఇంట్లో పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. చూసిందనడానికి సాక్ష్యం ఏముంది?"

వెనక నుంచి హంపమ్మే అంది. "కళ్ళంలో అందరూ విన్న్యారు సార్. తొడిమలు తీసేటప్పుడు ఫోను గంప మింద పెట్టి సౌండ్ పెడతా. చేతులకు పనుంటాది, చెవులు ఖాళీయే కదా సార్."

పాటీల్ గారు నవ్వారు. "సరే, పిలువు ఒకరిని." నా వైపు తిరిగి వేలు చూపించారు. "మేడం, మీరు నోరు విప్పొద్దు. నేను చెప్పినప్పుడు ఒక్క మాట మాట్లాడాలి. అదీ పాఠం గురించి కాదు. ఈ అమ్మాయి ముందుగా ఏమీ చెప్పకూడదు, పిలిచి ఫోన్ మీకివ్వాలి."

హంపమ్మ కళ్ళం మేస్త్రీకి ఫోన్ చేసి, "అన్నా, సుంకమ్మత్తకు ఇయ్యి" అని మాత్రం చెప్పి ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. ఈ సుంకమ్మ ఏమంటుందో, అసలు ఏం విని ఉంటుందో! హంపమ్మతో పాటు తొడిమలు తీసే, బడి మెట్టెక్కని ముసలిది, అరవై దాటినామె అని తర్వాత తెలిసింది.

"ఎవురప్పా?" అని ఆ గొంతు వచ్చింది.

పాటీల్ గారు కానీయండి అన్నట్టు తల ఊపారు. నేను, "ఏమమ్మా, మిరపకాయల పని ఎట్లుంది?" అన్నాను. అంతే.

అటు నుంచి ఏ సమాధానమూ లేదు. వినలేదేమో, లైన్ పోయిందేమో అనుకున్నాను. హంపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఉన్నట్టుండి ఫోన్ అదిరిపోయేలా ఒక కేక. "ఓయమ్మో! ఏయ్, రండే అందరూ! కుక్క మేడమ్మ ఫోన్ చేసిండాది!"

వెనక పది గొంతుల నవ్వు. పాటీల్ గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "కుక్క మేడమ్మా? ఎవరామె?"

"ఇప్పుడు మాట్లాడింది కదప్పా, ఆ యమ్మే. దినామూ వింటాం కదా గొంతు. పాఠం చెప్తా చెప్తా ఉంటే కుక్క మొరిగినాది, 'థూ, నీ నోరు పడిపోను, నీకేం తెలుసే ఫిక్సుడు కాస్టు' అని తిట్టినాది. మాకు అదంటే పానం. అంగడి తెరిసినా, మూసినా బాడిగ కట్టాల్నంట పాపం, ఆ పాఠంలో వస్తాది కుక్క."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ కుక్క మా పక్కింటివాళ్ళది. ఫిక్స్‌డ్ కాస్ట్, అంటే వ్యాపారం జరిగినా జరగకపోయినా తప్పని ఖర్చు, ఆ పాఠం రికార్డు చేస్తుంటే నా మాట కంటే దాని మాటే ఎక్కువైంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక అలాగే ఎక్కించేశాను.

"మరి హంపమ్మ వినేదా?" అని అడిగారు పాటీల్ గారు.

"ఆ సంగతి అడగొద్దులేప్పా. మేము కుక్క వచ్చేకాడికి పెట్టమంటే పెట్టదు. అర్థం కాలేదని వెనక్కి తిప్పుతాది, మళ్ళా తిప్పుతాది. విన్నిందే విన్నిందే. నేను కాయ మీద కోపమంతా తీర్చుకునేదాన్ని. ఏంది, హంపి ఏమన్నా తప్పు చేసిందా? ఎవురప్పా నువ్వు?"

పాటీల్ గారు ఈసారి నవ్వలేదు. "తప్పేం చేయలేదమ్మా" అని ఫోన్ పెట్టేయించారు. కాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపారు. "నేను నమ్మాను మేడం. మాల్‌ప్రాక్టీస్ అనుమానం తీసేస్తున్నాను."

హంపమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. "అయితే ఆమె గడి పచ్చ చేయండి."

"అక్కడే ఉంది చిక్కు. నా చేతిలో ఆ బటన్ లేదు. అర్హత లెక్క పోర్టల్ తనంతట తానే వేస్తుంది. సాఫ్ట్‌వేర్‌వాళ్ళకు రాస్తే జవాబు వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి."

"నమ్మాననీ మీరే అంటారు, పచ్చ చేయలేననీ మీరే అంటారు!"

"నేను నమ్మాను మేడం. యంత్రం నమ్మదు. నన్నేం చేయమంటారు?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోలేదన్నట్టుంది సంగతి. గడియారం చూస్తే మూడు దాటింది. అప్పటిదాకా నోరెత్తని ఖాసిం భాయ్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, చెప్తే తిట్టరు కదా? వీడియోలు పోర్టల్లో ఉత్తగా తిప్పితే చాలు మేడం. మనిషి చూడాలనేం లేదు. పచ్చగా ఉన్నోళ్ళు చానామంది అట్లే చేస్తారు. రాత్రి ఫోన్లో పెట్టి ఛార్జింగ్‌లో వదిలేసి పండుకుంటారు."

"ఏంటీ?"

"సచ్చీ మేడం. మన ల్యాబ్‌లో కూడా పెట్టి టీకి పోతారు. ఒకే లాగిన్‌తో అన్ని కంప్యూటర్లలో తిప్పొచ్చు. పోర్టల్‌కి అంత అక్కల్ లేదు, అంత బుర్ర లేదు."

ఇన్నాళ్ళూ ఆ పచ్చ గడులు చూసి నేను మురిసిపోయాను. మా కేంద్రానికి మంచి పేరు కూడా వచ్చింది వాటివల్ల. పాఠం పెట్టి నిద్రపోయినవాడు చూసినట్టు, వెనక్కి తిప్పి తిప్పి విన్నది చూడనట్టు. తెరలో పాటీల్ గారి వైపు చూశాను. ఆయన అంతా విన్నారు.

"నేనింకా భోంచేయలేదు మేడం" అన్నారాయన, గోడ వైపు చూస్తూ. "కెమెరా ఆపేస్తున్నాను. ఐదు తర్వాత జాబితా ఎలా ఉంటే అలా సంతకం పెడతాను." తెర నల్లబడింది.

హంపమ్మ నన్నే చూస్తోంది. "అట్ల చేస్తే తప్పు కాదా మేడం?"

"తప్పే" అన్నాను. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "చేయకపోతే ఇంకా పెద్ద తప్పు. నీ పాస్‌వర్డ్ కొట్టు."

ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు పన్నెండు. అన్నిట్లో ఆమె పేరుతో తెరిచి, తలా ఒక పాఠం మొదలుపెట్టాం. సౌండ్ తీసేశాం. ఎటు చూసినా నేనే. పన్నెండు తెరల మీద నేనే చేతులు తిప్పుతూ, నోరు ఆడిస్తూ, బోర్డు మీద గీతలు గీస్తూ ఉన్నాను. ఒక్క మాట వినపడదు. నా ముఖం మీద నాకే విసుగు పుట్టింది.

మొదట్లో బాగానే సాగింది. తర్వాత నెట్ మొరాయించింది. తెరల మీద చక్రాలు తిరుగుతూ ఆగిపోయాయి. ఖాసిం భాయ్ పరుగెత్తుకెళ్ళి పక్కగదిలో ఆఫీసు కంప్యూటర్లన్నీ ఆపేయించాడు. సిబ్బంది గొణిగారు. నేను వాళ్ళ మీద అరిచాను. మళ్ళీ కదిలాయి. ఇంకో గండం వచ్చింది. కొంతసేపు ఎవరూ మౌస్ కదపకపోతే పోర్టల్ "మీరు ఇంకా చూస్తున్నారా?" అని అడుగుతుంది. అవును అని నొక్కకపోతే వీడియో ఆగిపోతుంది. ఒకదాంట్లో నొక్కేసరికి ఇంకోదాంట్లో అడుగుతోంది. ఇక ముగ్గురం ఆ బల్లల మధ్య పరుగులు. "మేడం, ఈడ!" "భాయ్, ఆ మూలది!" "అడుగుతాండాది, అడుగుతాండాది!" నా మోకాళ్ళ సంగతి దేవుడెరుగు. నలభై ఏళ్ళు దాటాక నేను అంత పరుగెత్తింది లేదు.

నాలుగున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ పీక్ పీక్‌మని కూయడం మొదలుపెట్టింది. ఖాసిం భాయ్ దాని దగ్గరికి ఉరికాడు. "బ్యాటరీ పాతది మేడం, ఎంతసేపు ఉంటదో చెప్పలేను." హంపమ్మ ఒక తెర ముందు నిలబడి, పెదాలు కదుపుతూ ఏ దేవుణ్ణో పిలుస్తోంది. డ్యాష్‌బోర్డ్‌లో ఆమె గడి ఇంకా ఎర్రగానే ఉంది. నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఏం జరిగినా నాకే జరగాలి, ఈ పిల్లకు జరక్కూడదు అనుకున్నాను. ఏడుపొచ్చింది. చాలా ఏళ్ళకు ఆఫీసులో ఏడ్చాను.

కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. ఒక్కొక్క పాఠమే ముగింపుకొచ్చింది. ఐదుకు కొద్ది నిమిషాలుండగా ఖాసిం భాయ్ "హో గయా!" అని అరిచాడు. హంపమ్మ గడి పచ్చబడింది. ఆ క్షణంలోనే ఆమె హాల్ టికెట్ దించి ప్రింట్ తీశాం. కాగితం ఇంకా వేడిగా ఉంది. ఆమె చేతిలో పెట్టాను.

కాగితాన్ని రెండుసార్లు చూసుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది. పోయేముందు ఇంకా ఆడుతున్న తెరల వైపు తిరిగి చూసింది.

"మేడం, ఇన్ని పెట్టెల్లో ఒక్కదాంట్లో కూడా నేను చూడలేదు కదా."

"చూడలేదు."

"ఇప్పుడు చూసినట్టు అయిపోయిందా?"

"అయిపోయింది తల్లీ. బస్సు పోతుంది, వెళ్ళు."

హంపమ్మ పాసైంది. గొప్ప మార్కులేం కాదు, పాసైంది. ఇప్పుడు కంపెనీ బస్సెక్కి తోరణగల్లు పోయి వస్తోంది. సుంకమ్మ మాత్రం కళ్ళంలో పాఠాలు లేక పొద్దుపోవడం లేదని తిట్టుకుందట. దాంతో వీడియోలన్నీ మేస్త్రీ ఫోన్‌లోకి ఎక్కించి వచ్చానని హంపమ్మ చెప్పింది.

దించుకుని చూసినవాళ్ళనూ లెక్కలోకి తీసుకోవాలని పెద్దాఫీసుకు రాశాను. పరిశీలనలో ఉంది అన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. డౌన్‌లోడ్ బటన్ తీసేయమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, బురద తొక్కడం ఎందుకు, కాళ్ళు కడుక్కోవడం ఎందుకు అని. తీయలేదు. పాఠం కళ్ళానికి చేరింది ఆ బటన్ వల్లే.

ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్ళం ఎదుట మనిషిని చూడలేం, గడులను చూస్తాం. చూసి చూసి గడినే మనిషి అనుకుంటాం. నేనూ అట్లే అనుకుని ఒక మనిషిని ఫోన్లో దొంగను చేసి మాట్లాడాను. ఇప్పుడు ప్రతి సెమిస్టర్‌లో డ్యాష్‌బోర్డ్ తెరవగానే ఎర్ర గడి కనబడితే తిట్టను, ఫోన్ చేసి ఏమైందమ్మా అని అడుగుతాను. ఆ తర్వాత పచ్చ గడులున్నవాళ్ళకూ చేస్తాను.